పుట్టినతేదీ లేని ఆడపడుచు

బెజాయా, అల్జీరియా.

చిరంజీవి దిహ్యాకు నాయనమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమని రాయాలి కాబట్టి రాశాను. చదివి పక్కన పెట్టు. ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో నువ్వు ఏడిస్తే నాకు వినపడుతుంది.

అంజూరాలు ఎండబెట్టాం. సగం పిచ్చుకలు తిన్నాయి, సగం మీ బాబాయి తిన్నాడు. పిచ్చుకలు కనీసం పాడాయి.

నీ ప్రశ్నలకు వస్తాను. “పుట్టినతేదీ లేని మనిషి ఎలా ఉంటుంది?” అన్నాడట మీ పై అధికారి. మీ తాత చెల్లెలు తస్సాదిత్‌లా ఉంటుంది. నేను పట్నం ఆసుపత్రిలో పుట్టాను, తేదీ ఉంది. తస్సాదిత్ కొండమీద పుట్టింది. పుట్టుకలు రాసుకునేవాడెవడూ ఆ కొండ ఎక్కలేదు. పురపాలక రిజిస్టరులో “సుమారు 1944” అని మాత్రం ఉంది. రోజు, నెల లేనిదే ఆసుపత్రులకు నువ్వు కట్టిన డేటాబేసు డయాలసిస్‌కి పేరు తీసుకోదు. జనవరి ఒకటి వేస్తే రిజిస్టరుతో కలవలేదని తోసేస్తుంది. తెరమీది పేజీలో పెట్టిన నియమాన్ని గుమస్తాలు దాటేస్తున్నారు, అందుకే డేటాబేసులోనే బిగించానని గర్వంగా రాశావు. గర్వపడు. ఇదివరకు లేని మనుషుల పేర్లతో డయాలసిస్ కుర్చీలు అమ్ముకున్నారు. లెక్కలు చెప్పి బతికినదాన్ని, సరైన నియమాన్ని తీసెయ్యమని అడగను.

నా బరువు ఒకసారి యాభై, ఒకసారి అరవైరెండు చూపిస్తోంది, తూకం చెడిందా అన్నావు. తూకం బాగానే ఉంది. ఇద్దరికీ మూత్రపిండాలు చెడ్డాయి, నా పేరుతో నేనూ తస్సాదితూ వంతులేసుకుని ఆ కుర్చీలో కూర్చుంటున్నాం. నర్సు తెరవైపే చూస్తుంది, ముఖంవైపు చూడదు. నీ తెరమీద ప్రతి గడీ నిజమే, కుర్చీలో మనిషే అబద్ధం. సగం వైద్యంతో ఇద్దరికీ కాళ్ళు వాచాయి.

అంత తేడా కనబడితే ఇక నమోదే కాదని కొత్త నియమం పెడుతున్నావట. అంటే ఒకరు లేవాలి. పేరు నాది, లేచే హక్కూ నాదే.

“పిచ్చెక్కిందా వదినా? పెద్దదాన్ని నేను, ముందు నేను పోవాలి,” అంది తస్సాదిత్.

“పెద్దదానివని ఎవడన్నాడు? నీది సుమారు లెక్క.”

ఆ పూట కోపంతో కుస్కుస్ రవ్వను ముద్దచేసి పెట్టింది.

ఇంకొకటి దాచాను. మరణతేదీ పడినవాళ్ళకు కుర్చీ ఇవ్వకూడదన్నదీ నీ నియమమే కదా. కనుక నాకు ఆ తేదీ పడకూడదు. నేను పోయాక తస్సాదిత్ పోయిందని పురపాలకంలో రాయించు. సమాధి రాయి మీదా దాని పేరే చెక్కించు. ఇరుగుపొరుగు నోరు మెదపరు; ఏ ఇంట్లో చూసినా ఒక సుమారు మనిషి ఉంది.

“నా గోతిలో నువ్వు పడుకుంటే రేపు నేనెక్కడ పడుకోవాలి?” అని అరిచింది.

“నా దాంట్లో. ఖాళీగానే ఉంటుంది.”

నవ్వలేదు. నా మాటకు అది నవ్వకపోవడం ఇదే మొదటిసారి.

పురపాలక గుమస్తా ముందు నీకు ఏడుపొస్తే దాని పేరు పెట్టి ఏడు. నా పేరు నోట వచ్చిందా, దాని కుర్చీ పోతుంది.

ఇట్లు,
ఇంకొన్నాళ్ళు నీ నాయనమ్మ,
ఊర్దియా