చేప ఎడమ కన్ను

బాసో అన్నయ్యకు,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి, మీ చేపల పడవలకు మంచుగడ్డలు తెచ్చేవాళ్ళ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

వదిన ఏడో నెల స్కానింగ్‌లో బిడ్డ కంటి పక్కన కనిపించిన బుడిపెను డాక్టరమ్మ నిన్న మళ్ళీ చూసింది. కనుగుడ్డు బాగుంది. బుడిపెలో నెత్తురు ఆడటం లేదు, నీళ్ళే ఉన్నాయి. కన్నీళ్ళు ముక్కులోకి దిగే దారి మూసుకుపోయి ఉబ్బిందని ఆమె అనుమానం. చాలామంది పిల్లలకు దానంతటదే పోతుందట. అయినా కంతి కాదని తేల్చుకోవడానికి మంగళవారం మకస్సర్ పట్నం ఆసుపత్రిలో పెద్ద స్కానింగ్ తీయాలి. నువ్వు లేకుండా వదిన రానంటోంది.

అమ్మ డాక్టరమ్మ దగ్గరా అదే పాట ఎత్తుకుంది. "పెళ్ళాం కడుపుతో ఉందని కూడా చూడకుండా, మావాడు చేప ఎడమ కంట్లోంచి గాలం పీకాడమ్మా. అదే బిడ్డకు తగిలింది."

"తెర మీద ఎడమపక్క కనబడుతోంది గానీ, అది బిడ్డ కుడి కన్ను పెద్దమ్మా," అంది డాక్టరమ్మ.

అమ్మ తల పక్కకు వంచి తెరకేసి చూసింది. "అయితే సచ్చినోడు చేపను తిరగేసి పట్టుకుని ఉంటాడు."

వదిన నవ్వింది. నువ్వు వెళ్ళాక ఇదే మొదటిసారి. పొట్ట అదిరి తెర మీద బొమ్మ చెదిరిపోతే డాక్టరమ్మ కసురుకుంది.

ఇంకొక మాట. చేప సంగతి అమ్మకు చెప్పింది నువ్వనుకుంటున్నట్టు వదిన కాదు, నేను. అన్నం తింటూ నవ్వులాటకు చెప్పాను. నువ్వు వదినతో మాట మానేసి వెళ్ళిపోయిన నాడే ఈ సంగతి చెప్పవలసింది, చెప్పలేదు.

సోమవారం మంచు పడవ వెనక్కి వస్తుంది. ఎక్కు. నన్ను తిట్టడం బుధవారం పెట్టుకో.

నీ చెల్లెలు