తెల్ల పువ్వు, తెల్ల పుట్టగొడుగు

నాన్నకు నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. నువ్వూ అమ్మా చెల్లీ కులాసా అని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. దగ్గు తగ్గింది. వేళకే తింటున్నాను, అమ్మకి చెప్పు.

మా కాలేజీలో ఎండబెట్టిన మొక్కలు దాచే గదిలో తెల్ల పువ్వునీ పుట్టగొడుగునీ ఎలా పోల్చుకుంటారని అడిగావు. అడవిలో చెట్ల నీడన, రాలిన ఆకుల్లోంచి రెండూ తెల్లగానే లేస్తాయి. ఆ పువ్వు పూసే మొక్కకి పచ్చదనం బొత్తిగా ఉండదు, మైనంతో చేసినట్టుంటుంది. వంగిన తల పైకెత్తి చూస్తే రేకులుంటాయి, పుప్పొడి ఉంటుంది. పుట్టగొడుగు కింద పల్చటి మడతలే. కాగితం మీద బోర్లిస్తే తెల్లారేసరికి పొడి రాలుతుంది. మొక్కనైతే కాగితాల మధ్య నొక్కి ఆరబెడతాం. పుట్టగొడుగుని నొక్కామా, కుళ్ళి పక్కవాటినీ పాడుచేస్తుంది.

మా గదిలో లేబుళ్ళు రాసి కట్టలు కట్టే ముసలి తాత కోసం అక్కడి మేనేజరుతో పోట్లాడానని రాస్తే "నా కూతురు న్యాయం కోసం నిలబడింది" అని మెచ్చుకున్నావు. అది చదివినప్పటి నుంచి ఒంటి మీద గొంగళిపురుగు పాకుతున్నట్టుంది.

ఒక కట్టలో పుట్టగొడుగు కుళ్ళి ఇరవై మొక్కలు పోయాయి. తాతకి చూపు మందగించింది, తప్పు ఆయనదేనని మేనేజరు తేల్చేసి సామాన్ల గదికి తోసేశాడు. "ముసలాయనంటే లోకువా? రుజువేదీ?" అని బల్ల గుద్ది అరిచాను. అందరూ నోరెళ్ళబెట్టారు.

నాన్నా, ఆ కట్ట కట్టింది నేనే. దాని తల ఎత్తి చూడకుండా, తెల్లగా ఉంది కదా పువ్వే అనుకుని పెట్టేశాను. ఎవరూ నేర్పకుండా పుస్తకాలు చదివి నేర్చుకున్నదాన్ని, నాకు పొరపాటేమిటన్న పొగరు.

నిన్న తాత దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. పెట్టెలు సర్దుతూనే విన్నాడు.

"తెలుసులేవే పిల్లా. ఆ తాడు ముడి చూస్తే తెలియదా? అంత బిగించేది నువ్వొక్కదానివే."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా తాతా!"

"నా కోసం అంతలా గొంతు చించుకుంటున్నావు. మధ్యలో అడ్డం పడేదెలా?"

ఆయన నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

ఇవాళ పొద్దున మేనేజరుకి చెప్పాను. నా గొంతు ఎంత పీలగా వచ్చిందంటే, "కాస్త గట్టిగా చెప్పమ్మా" అని ఆయనే రెండుసార్లు అడిగాడు. తాత తన బల్ల దగ్గరికి వచ్చేశాడు. సామాన్ల గది ఇప్పుడు నాది, ఎన్నాళ్ళో తెలియదు. కనుక్కోకుండా ముసలాయన మీద నింద వేసినందుకు మేనేజరు మీద నా కోపం మాత్రం చల్లారలేదు. అది చల్లారదు కూడా.

నీ మెచ్చుకోలు వెనక్కి తీసేసుకో. తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ ఉత్తరం రాయడం మానకు.

ఇట్లు,
తాడు గట్టిగా బిగించే
నీ పెద్దకూతురు