ఆఖరి జంబోలో అక్క

ఫిబ్రవరి 3, శనివారం

దీవెన ఫోన్ చేసింది. రెండుసార్లు అడిగి తేదీ రాసుకున్నాను.

మా ఎయిర్‌లైన్ ఆఖరి జంబో గన్నవరం వస్తోంది. బోయింగ్ 747. నేను ఎయిర్ హోస్టెస్‌గా జీవితమంతా గడిపిన విమానం. అమ్మేశారట. కొన్నవాళ్లు విడిభాగాల కోసం విప్పేస్తారట. ఈలోపు అదెప్పుడూ దిగని ఊళ్లకు తీసుకెళ్లి, అక్కడి పాత సిబ్బందిని ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పుతారట. మన రన్‌వే పొడవు పెంచారు కాబట్టి మనకూ వంతు వచ్చింది. దీవెన నా దగ్గర ట్రైనింగ్ అయిన పిల్ల. ఇప్పుడు ఆ ఫ్లైట్‌కి క్యాబిన్ ఇన్‌చార్జ్. పదిహేడో తేదీ ఉదయం మేడమ్, మీతో ఇంకొకరిని తెచ్చుకోవచ్చు, పేరు చెప్పండి అంది.

మా ఆయన ఆరోన్ అప్పుడే షాపు నుంచి భోజనానికి వచ్చారు. చెబితే, కొత్త చొక్కా కుట్టించుకోనా అన్నారు. నేను ఆయనకు పెరుగు వడ్డించాను. కాసేపు పెరుగన్నం కలుపుతూ కూర్చుని, మీ అక్కని తీసుకెళ్లు, నేను హైవే మీద నిలబడి చూస్తాలే అన్నారు. గవర్నర్‌పేటలో ఫ్యాన్లూ స్విచ్‌లూ అమ్ముకునే ఈ మనిషికి నా మనసు ఎలా తెలుస్తుందో.

ఫిబ్రవరి 4, ఆదివారం

చర్చిలో పూజ మీద మనసు నిలవలేదు. ఫాదర్ ప్రసంగం ఏమిటో అడిగితే చెప్పలేను.

డెబ్బైల మొదట్లో మా వాళ్లు మొదటి జంబో తెచ్చారు. అప్పుడు పై అంతస్తులో సోఫాలు వేసిన లాంజ్ ఉండేదట, గుండ్రంగా తిరిగే మెట్లెక్కి వెళ్లేవారట. నేను చేరేసరికి లాంజ్ పోయి సీట్లు వచ్చాయి. మెట్లు మాత్రం అలాగే ఉన్నాయి. చేతిలో ట్రేతో ఆ మెట్లెక్కడం వచ్చాకే నన్ను హోస్టెస్ అన్నారు. తర్వాత కొత్త మోడల్ వచ్చింది, మెట్లు తిన్నగా అయ్యాయి. లండన్, న్యూయార్క్, టోక్యో, జెడ్డా. హజ్ యాత్రికులతో నిండిపోయిన జంబోలో అత్తరు వాసన మూడు రోజులు పోయేది కాదు. కువైట్ గొడవప్పుడు అక్కడ చిక్కుకున్న మనవాళ్లను అమ్మాన్ నుంచి తెచ్చాం. బొంబాయిలో దిగేముందు ఒక పెద్దాయన విమానం తలుపును రెండు చేతులతో తడిమి కళ్లకద్దుకున్నాడు.

యాభై ఏళ్లకు పైగా ఒకే రకం విమానం. ఎందరో వచ్చారు, రిటైరయ్యారు, అది ఎగురుతూనే ఉంది.

ఫిబ్రవరి 6, మంగళవారం

పామర్రు వెళ్లొచ్చాను. అక్క రానంది.

ఇది ఎక్కడా రాయలేదు, రాస్తాను. హోస్టెస్ కావాలనుకున్నది తెరేసమ్మక్క. పేపర్లో ప్రకటన చూసింది తను, రాత్రుళ్లు ఇంగ్లీషు బట్టీ పట్టింది తను. మద్రాసు ఒక్కతే వెళ్లడానికి నాన్న ఒప్పుకోకపోతే, తోడుకోసం నా చేత కూడా అప్లికేషన్ పెట్టించింది. ఇంటర్వ్యూలో ఇద్దరం గట్టెక్కాం. ఆఖర్న డాక్టరమ్మ అక్క ముంజేయి చూసింది. చిన్నప్పుడు గంజి పడిన మచ్చ. యూనిఫాంలో కనిపిస్తుందని తీసేశారు. తిరుగు రైల్లో అక్క నాకు జడ వేస్తూ, బొంబాయిలో వర్షాలెక్కువ, గొడుగు కొనుక్కో అంది. అంతే. ఏడవలేదు.

తర్వాత స్కూల్లో తెలుగు టీచరైంది. పామర్రులో సగం ఊరు ఆమె శిష్యులే. నాకు ఏటా స్టాఫ్ పాస్‌లు, అంటే ఇంటివాళ్లకు ఉచిత టికెట్లు, వచ్చేవి. అమ్మా నాన్నా సింగపూర్ చూసొచ్చారు. అక్క ఒక్కసారీ ఎక్కలేదు.

ఈరోజు వంటింట్లో వంకాయలు తరుగుతూ తిన్నగా చెప్పేసింది. సీట్లో కూర్చోవాలనుంటే ఎప్పుడో కూర్చునేదాన్నే హెలెన్, నాకు కావాల్సింది కూర్చోవడం కాదు అంది. బస్సులో ఉయ్యూరు దాటేదాకా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను.

ఫిబ్రవరి 7

అక్క ఫోన్ ఎత్తలేదు.

ఫిబ్రవరి 9, శుక్రవారం

ఒక ఆలోచన వచ్చింది. పొద్దున్నే దీవెనకు ఫోన్ కొట్టాను. మా అక్కకు ఏదైనా పని ఇవ్వగలవా అన్నాను. ట్రాలీ తోయించలేను మేడమ్, రూల్స్ ఒప్పుకోవు అంది. ఇంకేముంటుంది అని బతిమాలాను. తెలుగులో స్వాగతం చెప్పేవాళ్లు కావాలి, అసలు మిమ్మల్నే అడుగుదామనుకున్నాను అంది. నేను వద్దు, మా అక్క చెబుతుంది అన్నాను. కెప్టెన్‌ని అడిగి చెబుతానంది.

సాయంత్రం 5

కెప్టెన్ సరేనన్నారు. వరండాలో ఒక్కదాన్నే గెంతాను. పక్కింటి అమలమ్మ గారు చూసి, లాటరీ తగిలిందా అండీ అని అడిగారు. అంతకంటే ఎక్కువేనండీ అన్నాను.

ఫిబ్రవరి 10, శనివారం

మళ్లీ పామర్రు. చెప్పాను. అక్క పొయ్యి ఆపేసి వచ్చి కూర్చుంది. నా మీద జాలిపడి అడిగావా అంది. లేదక్కా, నాకంటే నువ్వు బాగా చెబుతావు, ఆ సంగతి మద్రాసు ఇంటర్వ్యూలో నీ గొంతు విన్న రోజే తెలుసు అన్నాను. అది నిజం.

ఏం చెప్పాలో చూపించమంది. ఫోన్లో దీవెన పంపినది చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చదివింది. ఎవరు రాశారు ఈ తెలుగు, 'మీ కుర్చీ పట్టీలను బంధించుకొనుడు' ఏమిటి, పశువులకు చెప్పినట్టు అంది. నవ్వాపుకోలేకపోయాను. తనూ నవ్వింది. మొత్తం మళ్లీ రాస్తానంది.

ఫిబ్రవరి 14, బుధవారం

రోజుకు నాలుగుసార్లు ఫోన్. 'ప్రయాణికులారా' అనాలా, 'అందరికీ నమస్కారమండీ' చాలా? మైకు నోటికి ఎంత దూరం పెట్టుకోవాలి? పొడుగు చేతుల జాకెట్ వేసుకోవాలా? ఈ ఆఖరి ప్రశ్నకు, నీ ఇష్టం అక్కా అన్నాను.

ఫిబ్రవరి 17, శనివారం, ఉదయం 7

గన్నవరం. తెల్లటి మంచు. ఎదుట చెట్టు కనిపించడం లేదు. జంబో పైన తిరుగుతోందట, చప్పుడు మాత్రం వినిపిస్తోంది. తగ్గకపోతే హైదరాబాద్ వెళ్లిపోతుందంటున్నారు. అక్క జపమాల తీసింది. పొట్టి చేతుల జాకెట్ వేసుకొచ్చింది.

ఉదయం 7.50

ఇంకా తిరుగుతోంది. ఇంధనం చూసుకుంటున్నారట. ఇంకొక్క ప్రయత్నమట. అక్క నా చెయ్యి పట్టుకుంది.

రాత్రి

వచ్చింది. మంచు చీలి, ముందు నాలుగు దీపాలు కనిపించాయి, తర్వాత ఆ పెద్ద నుదురు. చక్రాలు నేలను తాకగానే హైవే వైపు నుంచి ఒక్కసారిగా కేకలు. ఆరోన్ అక్కడే, లారీ టాపెక్కి చూశారట. ఈ వయసులో లారీ ఎక్కడమేమిటని తిట్టాను.

మెట్ల దగ్గర అక్క ఆగింది. భయమేమో అనుకున్నాను. ఇంత పెద్దదని నువ్వెప్పుడూ చెప్పలేదే అంది. చెబితే నువ్వు వినలేదు అన్నాను.

లోపల తలలు నెరిసిన కెప్టెన్లు, క్యాబిన్ పెద్దలైన పర్సర్లు, ఇంజనీర్లు, వాళ్ల ఇంటివాళ్లు. దీవెన అక్కను ముందు తలుపు పక్కకు తీసుకెళ్లి మైకు రిసీవర్ చేతికిచ్చింది. అక్క కాగితం తీసింది. మడిచి మళ్లీ సంచిలో పెట్టేసింది.

'అందరికీ నమస్కారమండీ' అని మొదలుపెట్టింది. నలభై మంది పిల్లలున్న క్లాసును నిశ్శబ్దం చేసే గొంతు. బెల్టులు ఎలా పెట్టుకోవాలో, తలుపులు ఎటున్నాయో నిదానంగా, ఇంటికొచ్చిన చుట్టాలకు చెప్పినట్టు చెప్పింది. చివర్లో కాగితంలో లేనిదొకటి అంది. 'ఈ విమానం ఎక్కడానికి నాకు చాలా ఏళ్లు పట్టిందండీ. కాబట్టి మీరెవరూ దిగడానికి తొందరపడకండి.'

వెనక వరుసల్లోంచి ఎవరో నవ్వారు. తర్వాత చప్పట్లు. మా పాత పర్సర్ ఒకాయన లేచి నిలబడి సెల్యూట్ చేశారు. రిసీవర్ ఎత్తి పట్టుకున్న ఆ చేతి మీద మచ్చ అందరికీ కనిపిస్తూనే ఉంది. ఎవరూ దాన్ని చూడలేదు.

దీవెన ఆమెను నా పక్కన ప్యాసింజర్ సీట్లో కూర్చోబెట్టలేదు. తన ఎదురుగా, సిబ్బంది కూర్చునే క్రూ సీట్లో కూర్చోబెట్టి భుజాల బెల్టు తనే బిగించింది. ఆ సీట్లోనే అక్క గాల్లోకి లేచింది.

పైకి వచ్చాక అక్కను కిటికీ దగ్గరకు తెచ్చుకున్నాను. మంచు కరిగింది. బ్యారేజీ, తర్వాత చీలిపోయే కాలువలు, మినుము చేలు, హంసలదీవి దగ్గర నది రంగు సముద్రంలో కలిసిపోవడం. వెనక్కి తిరిగేటప్పుడు పామర్రు. మా స్కూలు, మా స్కూలు అని అక్క అద్దం మీద కొట్టింది. నేను ముప్ఫై ఏళ్లు ఎగిరినా మా ఊరిని పైనుంచి చూడలేదు. ఇద్దరం ఒకేసారి చూశాం.

ఫిబ్రవరి 18, ఆదివారం

మధ్యాహ్నం అది వెళ్లిపోయింది. ఎయిర్‌పోర్టు గోడ పక్కన నిలబడి చూశాం. ఏడుస్తాననుకున్నాను. అక్క చెయ్యి ఊపుతూనే ఉంది, నేనూ ఊపాను. చుక్కంత అయ్యాక ఆరోన్ ఆకలేస్తోందన్నారు. ముగ్గురం హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాం. అక్క రెండోది చెప్పించుకుంది.

ఫిబ్రవరి 27

ఉదయమే అక్క ఫోన్. ఇన్నేళ్లలో నేను తిరిగిన ఒక్క ఊరి గురించీ అడగని మనిషి. ఏప్రిల్‌లో టోక్యోలో చలెంత ఉంటుంది, శాలువా చాలా, స్వెట్టర్ కొనాలా అని అడిగింది.