ఓబమ్మ ఒక్కపొద్దులు

అనంతపురం,
12 జూలై 1984

ప్రియమైన పైడమ్మ అప్పకు,

మలేసియా నుంచి చదువుకోడానికి వచ్చానంటే ఈ ఊళ్లో నన్ను పెద్ద షావుకారు కొడుకనుకుంటున్నారు. కాలేజీ హాస్టల్లో చోటు లేదు. బజారు వీధిలో ఉత్త గదికే రెండు వందలు చెప్పారు. హోటల్లో పది రోజులు తినేసరికి జేబు ఖాళీ. నువ్వు రబ్బరు చెట్లు గీసి పంపే డబ్బులో ఫీజూ పుస్తకాలూ పోతే ఏం మిగులుతుందో నీకు తెలియంది కాదు.

చివరికి ఓబమ్మ అనే ఆవిడ ఇంట్లో కుదిరాను. భర్త పోయాడు, పిల్లల్లేరు. గదీ, రెండు పూటలా భోజనం కలిపి నూట డెబ్బై అడిగింది. నేనెవరి తమ్ముణ్ణి! గంటసేపు బేరమాడి నూట ఇరవైకి దించాను. "సరేలేప్పా, మాట అనేసినా. పరీక్షలయ్యేదాకా ఇదే రేటు" అంది. మనం అక్కను పిలిచినట్టే ఇక్కడ మగవాళ్లను కూడా అప్పా అంటారు. విన్నప్పుడల్లా నువ్వు గుర్తొస్తావు.

నాకు వరి అన్నం వండుతుంది, తనకు రాగి సంగటి. నా దిగులు పెట్టుకోకు.

నీ తమ్ముడు,
సింహాద్రి


పేరాక్, మలేసియా,
రబ్బరు తోట లైన్లు,
4 ఆగస్టు 1984

ప్రియమైన తమ్ముడికి,

నీ బేరం సంగతి మా కూలీ ఇళ్ల లైన్లో ప్రతి గడపకూ వెళ్లి చెప్పుకున్నాను. బతకనేర్చినవాడివేరా!

ఒక్క మాట. తినేది పరాయి ఇంట్లో. అన్నం మిగిల్చి ఆవిడను చిన్నబుచ్చకు. గిన్నె ఖాళీ అయితే అమ్మ మొహం ఎలా వెలిగిపోయేదో గుర్తుంది కదా. కడుపునిండా తిను, ఒళ్లు పాడుచేసుకోకు.

ఆశీస్సులతో,
మీ అప్ప పైడమ్మ


అనంతపురం,
28 అక్టోబరు 1984

ప్రియమైన అప్పకు,

ఇక్కడ వాన లేదు. చెనిక్కాయ, అదే వేరుశెనగ, పంట మొత్తం ఎండిపోయింది. బియ్యం, రాగులు, నూనె అన్నీ మండిపోతున్నాయి. నీళ్ల ట్యాంకరు రెండు రోజులకోసారి వస్తే ఓబమ్మ తెల్లారకముందే బిందె పట్టుకుని వరసలో నిలబడుతుంది. రేటు మాత్రం పెంచలేదు. నేనూ ఆ మాట ఎత్తలేదు.

"రెండు పొయ్యిలు యాడ మండించేది" అని ఇప్పుడు సంగటి మానేసి అన్నం ఒక్కటే వండుతోంది. ముందు నాకు పెడుతుంది, తాను తర్వాత తింటుంది. "ఇంగొంచెం పెట్టుకోప్పా" అని వదలదు. నువ్వు చెప్పినట్టే గిన్నె ఊడ్చేస్తున్నాను.

ఆవిడ భక్తి చూస్తే నవ్వొస్తుంది. మొదట సోమవారం ఒక్కపొద్దు ఉండేది. తర్వాత శనివారం. ఇప్పుడు గురువారం, శుక్రవారం కూడా. "ఇంతమంది దేవుళ్లలో ఒక్కడైనా వాన కురిపించడేం?" అని ఏడిపించాను. "ఉండనీలేప్పా, నువ్వు తిను" అంది.

నీ తమ్ముడు,
సింహాద్రి


పేరాక్,
20 నవంబరు 1984

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివాక నాకు ముద్ద దిగలేదు. గిన్నె నువ్వు ఊడ్చేస్తే ఆవిడ తినేది దేంట్లోంచిరా?

తోటలో పని తగ్గించిన ఏడు అమ్మ కూడా ఇలాగే ఒక్కపొద్దులుండేది. నువ్వు పసివాడివి. నాకు పన్నెండేళ్లు. నాకు తెలుసు. తెలిసీ తిన్నాను.

గిన్నె ఖాళీ చేయమని రాసిన నా చెయ్యి విరిగిపోనూ. ఈ ఉత్తరం అందిన పూటే ఆవిణ్ణి కూర్చోబెట్టి ముందు ఆవిడకు వడ్డించు. గాజులు అమ్మి డ్రాఫ్టు పంపుతున్నాను. బియ్యం కొనిపడెయ్. సిగ్గుపడుతూ కూర్చోకు, పరుగెత్తు.

పైడమ్మ


అనంతపురం,
12 డిసెంబరు 1984

అప్పా,

నీ ఉత్తరం సోమవారం అందింది. ఓబమ్మ శనివారమే పోయింది.

ట్యాంకరు దగ్గర బిందెతో పడిపోయింది. ఆసుపత్రిలో మూడు రోజులుంది. గంజి పోసినా లోపల నిలవలేదు. "పడిపోక ముందు ఏమి తినింది?" అని డాక్టరు నన్నడిగాడు. ఐదు నెలలు ఆ ఇంట్లో ఉన్నాను. ఆవిడ తింటుంటే ఒక్కసారీ చూడలేదు. తెలియదన్నాను.

కుందుర్పి నుంచి ఆవిడ తమ్ముడు ఎర్రిస్వామి వచ్చాడు. నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. "మాయక్క కనపడినప్పుడల్లా నీ మాటే చెప్తాండె. యా దేశం పిల్లోడో, నా చేతి కూడు ఇంత ఇష్టంగా తింటాడు అని వీధంతా చెప్పుకుంటాండె" అన్నాడు. ఆయనకు నేను నిజం చెప్పలేదు.

రెండు రోజులు నాకేమీ సహించలేదు. నిన్న మూడో రోజు కార్యం అయ్యాక, ఇంట్లో మిగిలిన పిడికెడు రాగిపిండితో ఎర్రిస్వామి సంగటి గెలికి నాకు పెట్టాడు. "తినప్పా, ఎన్నాళ్లు పస్తుంటావు" అన్నాడు. ఆకలేసింది అప్పా. తిన్నాను. చేతులు కడుక్కున్నాక గాని గుర్తు రాలేదు, ఆయన తిన్నాడో లేదో నేను చూడనే లేదని.

సింహాద్రి