వీరభద్రం సేటు సగం కారు

20 ఆగస్టు 1945

ఇవాళ వీరభద్రం సేటు కారుకు రంపం పెట్టిన. వెనక సగం కోసేసిన. సేటు భార్య అనసూయమ్మ అరుగు మీద కూసొని చూసింది. పెండ్లికూతురై ఆ వెనక సీట్లనే వరంగల్ వచ్చిందట. సీటు పారెయ్యకు, ఇంట్ల పెట్టు అన్నది. మోసుకపోయి పెట్టిన. దాని సందుల మూడు కోడిగుడ్లు దొరికినయి. పెట్రోలు రేషన్ అయినప్పటి సంది కారు మిర్చి గోదాముల ఇటుకల మీదనే నిలబడ్డది. కోళ్ళకే అక్కరకొచ్చింది.

ఏడుగురు కూసునే పెద్ద కారు ఇది. ఇప్పుడు ముందట సీటొక్కటే మిగిలింది. వెనక కట్టెపలకలు కొట్టి మిర్చి బస్తాలు ఏస్తం. బస్తాల పక్కన బొగ్గు డ్రమ్ము బిగిస్తం. పెట్రోలు లేకున్నా బొగ్గు గ్యాసు మీద నడుస్తది. హమాలీ పోశయ్య వచ్చి, ఇది కారా, కచ్చురమా, ఎద్దులు ఎప్పుడొస్తయిరా అని అడిగిండు. అందరు నవ్విన్రు. నేను ఫికర్ చెయ్యలె. ఎందుకంటే సేటు గోదాముల అందరి ముందట ఒక మాట అన్నడు. కొమురెల్లీ, బండి లేపు, స్టీరింగు నీదే అన్నడు.

చిన్నప్పటి సంది క్లీనర్‌నే. కొమురెల్లి డ్రైవర్ అని ఇంతవరకు ఎవ్వడు అనలె.

4 సెప్టెంబర్

ఇంజిన్ మొత్తం విప్పిన. ఎవ్వడు నేర్పలె. అన్న గట్టయ్య చేస్తాంటే చూసిందే నా చదువు. అన్న మిలిటరీ లారీ నడపపోయిండు. అస్సాం ఘాట్ల లోయల పడ్డడు. పీనుగ కూడ రాలె. పోయిండని టెలిగ్రాం తారు వచ్చింది, అంతే.

అమ్మ ఇదే గోదాముల మిర్చి తొడిమెలు తీస్తది. రోజూ పొద్దూకంగ నా దగ్గరికొచ్చి నిలబడి, లేసిందా అని అడుగుతది. ఇంక లేదే అంటే ఇంటి తొవ్వ పడుతది. పాపం, నాకంటె ఆమెకే తొందర ఉన్నట్టుంది.

19 సెప్టెంబర్

లేసింది.

20 సెప్టెంబర్

నిన్న ఒక్క ముక్కనే రాసిన. డ్రమ్ముల బొగ్గు రాజేసిన. డ్రమ్ముకున్న పంకా తిప్పి తిప్పి భుజం పోయింది. పైన గొట్టం కాడ మంట అంటిస్తే నీలంగ నిలబడ్డది. అట్ల నిలబడితేనే గ్యాసు తయారైనట్టు. హ్యాండిల్ కొట్టిన. ఒకసారి ఎదురు తన్ని మణికట్టు వాసింది. మళ్ళ కొట్టిన. దగ్గింది, తుమ్మింది, తర్వాత గడగడ అందుకున్నది. గోదాముల ఆడోళ్ళంత మిర్చి వదిలేసి ఉరికొచ్చిన్రు. అమ్మ రాలె. పనిల ఉన్నదేమో అనుకున్న.

28 సెప్టెంబర్

పరకాల నుంచి అనసూయమ్మ తమ్ముడు కిషన్ రావు దిగిండు. షౌకు పడుతాండు, వానికి జర డ్రైవింగు నేర్పు అన్నడు సేటు. సరే అన్న. పొద్దున్నే కోట మైదానంల నేర్పుతాన్న. మంచోడే. నన్ను ఉస్తాద్ అంటడు. నేను క్లీనర్‌గ ఉన్నప్పుడు నన్ను కాలితోటి పిలిచిన డ్రైవర్లున్నరు. ఈయన మిర్చి బజ్జీలు తెచ్చి, మొదాలు నువ్వు తిను ఉస్తాద్ అంటడు.

బొగ్గు బండికి దమ్ము తక్కువ. చడావు, అంటే ఎత్తు, రాకముందే గేరు మార్చాలె, వచ్చినంక మారిస్తే చస్తది. ఆయన చెయ్యి మీద చెయ్యేసి నేర్పిన. దాచుకున్నది ఏం లేదు. ఎందుకు దాచుకుంట?

16 అక్టోబర్

నిన్న దసరా. బండికి పూజ. సేటు ఇంట్ల ఒక పద్ధతున్నది. పూజ అయినంక సేటు ఎవని తలకు రుమాలు కడితే, వాడు ఏడాదంత ఆ బండి నడుపుతడు. ఎడ్లబండ్ల కాలం నుంచి అంతేనట.

చెరువుల తానం చేసిన. అన్న అంగీ తొడుక్కున్న. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు నేనే పెట్టిన. అయ్యవారు మంత్రం ఆపి, డ్రైవర్ ఎవరు, ముందుకు రావాలె అన్నడు. ఒక్క అడుగు ముందుకేసిన.

కిషనూ, ఇటు రా అన్నడు సేటు.

వాని తలకు రుమాలు కట్టిండు. వాడు ఎక్కిండు. నేను పెట్టిన నిమ్మకాయల మీదికెళ్ళి తోలుకపోయిండు. నాకు ఆ నిమ్మకాయలు పగిలిన చప్పుడు గూడ వినవడ్డది. ఎవ్వరు నా దిక్కు చూడలె. పోశయ్య గూడ జోకు ఎయ్యలె. అప్పుడే అనుమానం రావాలె నాకు.

సేటు తర్వాత పిలిచి, బొగ్గు సంగతి నీకు తప్ప ఎవనికి తెల్సురా, నువ్వు వెనక డ్రమ్ము కాడ కూసో అన్నడు. నా కండ్లల్లకు చూడలె. నేలను చూసుకుంట అన్నడు.

సాయంత్రం కిషన్ రావు జమ్మి ఆకు చేతుల పెట్టి అలాయ్ బలాయ్ తీసుకున్నడు. ఉస్తాద్, నాది తప్పు లేదు అన్నడు. నేను గుంజ లెక్క నిలబడ్డ. ఆకును డ్రమ్ముల ఏసిన.

17 అక్టోబర్

పనికి పోలె.

25 అక్టోబర్

పోయిన. తిండికి పోవాలె గద.

వెనక కూసొని బొగ్గు పోస్తాన్న. మసి మొకం, మసి ముక్కు. సేటును బజారంత తిడుతాన్న. చాయ హోటల్ కాడ తిట్టిన, కల్లు కాడ తిట్టిన. మాట మీద నిలబడని లంగ అన్న. సేటు చెవుల పడ్డదట. అయినా నన్ను పనిల నుంచి తియ్యలె. అది ఇంకా మండింది నాకు. మీదికెళ్ళి కొత్త అంగీ పంపిండు. వాపస్ పంపిన.

1 నవంబర్

ఇవాళ పొద్దున సేటు ఇంటికే పోయిన. వాకిట్ల నిలబడి అడిగిన. నీ బామ్మర్ది కోసం నా గొంతు కోసినవు, అంతేనా అని. సేటు పేపరు చదువుతాండు. చదువుతనే ఉన్నడు. అనసూయమ్మ లోపల నుంచి వచ్చింది. ఇంక నా వల్ల కాదు అన్నది మొగనితోటి. నాకు చెప్పింది.

సద్దుల బతుకమ్మ నాడు వాళ్ళ వాకిట్ల ఆడోళ్ళంత ఆడుతాంటే, మా అమ్మ చిలుకమ్మ నడుమల నుంచి వచ్చి అనసూయమ్మ ముందట కొంగు చాపిందట. ఒక్కన్ని మోటరు తిన్నది, ఇంకొకన్ని తిననియ్యకు, స్టీరింగు తప్ప ఏ పనైనా ఇయ్యి అని అడిగిందట. నాకు చెప్పొద్దని గూడ అడిగిందట. పండుగ నాడు ముత్తైదువ ముందట కొంగు చాపితే కాదంటమా కొమురెల్లీ, నాకూ పిల్లలున్నరు అన్నది అనసూయమ్మ.

అప్పుడు సేటు పేపరు దించిండు. తిడితే తిట్టనీ అనుకున్న, తల్లిని తిట్టకుంటే చాలు అన్నడు.

ఆ వాకిట్ల నలభై మంది ఆడోళ్ళున్నరు. వాళ్ళు ఇండ్లకు పోయి చెప్పుకున్నరు. పోశయ్యకు తెల్సు. కిషన్ రావుకు తెల్సు. వరంగల్ బజారుకు తెల్సు. నిమ్మకాయలు పట్టుకొని నిలబడ్డోనికి తెల్వదు.

అదే రోజు, పొద్దూకినంక

అమ్మను అడిగిన. తొడిమెలు తీసుకుంటనే, తలెత్తక, అవు, అడిగిన అన్నది. మళ్ళ దసరాకు మళ్ళ అడుగుత అన్నది. అన్నను మోటరు చంపలె, యుద్ధం చంపింది, తొవ్వ చంపింది అని ఒర్రిన. ఎవలు చంపిన్రో నాకు చెప్పకు బిడ్డా, నువ్వు బతికి నా మీద ఒర్రుతాన్నవు, నాకు గంతే చాలు అన్నది.

సేటును తిట్టినన్ని రోజులు సుఖంగ ఉన్నది. ఇప్పుడు ఎవన్ని తిట్టాలె?

6 నవంబర్

అమ్మ వండింది తింట లేను. ఆమె గూడ తింట లేదు.

9 నవంబర్, పొద్దున

పరకాల తొవ్వ మీద కూసొని రాస్తాన్న. గోదాముల బస్తాలు ఎక్కిచ్చినంక కిషన్ రావు చాయ తాగపోయిండు. ఇంజిన్ నడుస్తాంది. ముందటికి పోయి కూసున్న. గేరేసిన. గోదాము గేటు కాడ అమ్మ అడ్డం నిలబడ్డది. హారన్ కొట్టిన. జరగలె. బ్రేకేసిన. వచ్చి పక్కన ఎక్కింది. దిగు అన్న. పోతే ఇద్దరం పోదం, తోలు అన్నది.

తోలిన. బొగ్గు అయిపోయేదాక తోలిన.

ఇద్దరం ముందట సీట్లనే ఉన్నం. బండి ఆగి చాలసేపాయె. ఆమె చెయ్యి ఇంక తలుపు పిడిని గట్టిగ పట్టుకొనే ఉన్నది.