ఆగస్ట్ జారవిడిచిన బంతులు

1877 జులై 9, సోమవారం. లిన్.
ఓడాం. నా బంతి వాళ్ల బ్యాటుకు సరిగ్గా తగిలిందే లేదు. అయినా ఓడాం. చెయ్యి నడుము దాటకుండా, మణికట్టుతోనే బంతిని వంకర తిప్పుతాను. ఈ ఊళ్లో ఇంకెవడికీ రాదది. బ్యాటువాడి వెనక నిలబడి వట్టి చేతులతో పట్టాల్సిన క్యాచర్ ఆగస్ట్ మూడు జారవిడిచాడు. మూడూ వాళ్లకి పరుగులయ్యాయి.
బూట్ల ఫ్యాక్టరీలో నా బల్ల, ఆగస్ట్ బల్ల పక్కపక్కనే ఉండేవి. ఈ బేస్‌బాల్ క్లబ్ మమ్మల్ని జంటగా జీతానికి తీసుకుంది. మళ్లీ ఆ బల్ల దగ్గరికి నేను చచ్చినా పోను.

జులై 11
మళ్లీ జారవిడిచాడు. ఆట అవ్వగానే గడ్డిటోపీ వాడొకడితో కంచె దగ్గర గుసగుసలు. పందెంగాళ్లు నిలబడే చోటది. నన్ను చూసి చెయ్యి జేబులో దోపుకున్నాడు. ఏం దాచావురా అంటే, "నీ బుర్ర. పారేసుకున్నావుగా, నాకు దొరికింది" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

జులై 12
గడ్డిటోపీ వాడు ఆగస్ట్ గదిలో అరగంట ఉన్నాడు. గడియ వేసుకుని.

జులై 14
పరీక్ష పెట్టాను. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి వేశాను. చెయ్యి చాపినట్టే చాపి చివర్లో వెనక్కి తీశాడు. కళ్లారా చూశాను. తిన్నగా మేనేజర్ ప్రాట్ దగ్గరికి వెళ్లి, ఆగస్ట్ ఆట అమ్ముకుంటున్నాడని చెప్పేశాను.
సాయంత్రానికల్లా వాణ్ణి తీసేశారు. వీణ్ణి ఎవరూ ఆడించొద్దని క్లబ్బులన్నిటికీ తంతి వెళ్లింది. నిజాయితీపరుడివి, నీ చోటు పదిలం అని ప్రాట్ నా భుజం తట్టాడు.
ఆగస్ట్ టోపీ తీసి బెంచీ మీద పెట్టి వెళ్లిపోయాడు. దొంగ వెధవ.

జులై 16
మొహాన ఉమ్ముదామనే వాడి గదికి వెళ్లాను. ఒంటిచేత్తో మూట కడుతున్నాడు. కుడిచేతి వేళ్లు రెండు నల్లగా కమిలి, పక్కకి తిరిగిపోయి ఉన్నాయి. గడ్డిటోపీ వాడు గుర్రాల డాక్టరట. "గుర్రానివైతే ఈపాటికి కాల్చేసేవాణ్ణన్నాడ్రా" అని నవ్వాడు.
గ్లోవ్ వేసుకు చావొచ్చుగా అని అరిచాను. "మే నెలలో ఆ బోస్టన్ క్యాచర్ గ్లోవ్ వేసుకుంటే 'అమ్మాయిగారూ' అని కేకలేసిందెవడ్రా?" అన్నాడు.
నేనే.
నాకైనా చెప్పలేదేం అన్నాను. "చెబితే నువ్వు మెల్లగా వేస్తావు. అప్పుడు ఇద్దరం ఫ్యాక్టరీకే" అన్నాడు.
ప్రాట్ దగ్గరికి పరిగెత్తాను. పోయిన తంతి వెనక్కి రాదన్నాడు. అయినా వేళ్లు విరిగినవాడు నాకెందుకోయ్ అన్నాడు.

జులై 18
కొత్త క్యాచర్‌వీ వట్టి చేతులే. మెల్లగా వేశాను. ఓడాం.
ఎవడికి అమ్ముడుపోయావురా అని ప్రాట్ అడిగాడు.
కాదనలేదు.