ఏసోబు చెంప

అల్లూరు, 1962 మార్చి, ఆదివారం

తప్పు నాదే. పొద్దున బిషప్‌గారు మా గుడికొచ్చి విశ్వాసంలో గట్టిపరిచే భద్రమైన అభ్యంగనం ఇచ్చినారు. నుదుట తైలం రాసినాక ఆయన చెంప మీద మెల్లగా తడతారనీ, అది విశ్వాసం కోసం దెబ్బలు ఓర్చుకోవాలన్న గుర్తనీ పిల్లలకు ముందే చెప్పినాను. వాళ్లతో మోకరించిన ముసలి పాలేరు ఏసోబుకు చెప్పడం మరిచినాను. గుడిలో అందరికీ పాఠం చెప్పే ఉపదేశినంట, ఉపదేశిని!

చెంప తట్టగానే ఏసోబు "తప్పయిపోయింది దొరా!" అంటూ కాళ్ల మీద పడినాడు. బిషప్‌గారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తర్వాత ఆయనే వంగి, అతన్ని లేపి, ఆ చెంపనే నిమిరినారు.

సాయంత్రం ఏసోబు ఇంటికి పోయి, ఆ దెబ్బకు అర్థం చెప్పి, మన్నించమన్నాను. నవ్వినాడు.

"ఓర్చుకోవడం నాకు కొత్తా అయ్యా? కొట్టిన చెయ్యి నిమరడం, ఇదే మొదలు."